నాయిన కొన్న భూమి: వినకూడని సలహాలు

"నాయిన ఆస్తిల నీకు పుట్టుకతోనే వాటా ఉంటది, కేసు వెయ్యి." రీజినల్ రింగ్ రోడ్డు మాట మొదలై భూమి రేట్లు లేచినప్పటి నుంచి హత్నూర మండలంలో ఏ హోటల్ కాడ కూర్చున్నా ఈ సలహా వినిపిస్తుంది. దీన్ని నమ్మి తండ్రినే కోర్టు మెట్లెక్కిస్తున్నారు.

ముందు ఆ భూమి ఎట్లా వచ్చిందో చూడండి. హిందూ కుటుంబంలో తాతముత్తాతల నుంచి ఉమ్మడిగా దిగివచ్చిన భూమైతే కొడుక్కీ బిడ్డకీ పుట్టుకతో హక్కుంది. బిడ్డ హక్కును హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ఇచ్చింది, 2020లో వినీతా శర్మ తీర్పు గట్టిపరిచింది. గుండ్లమాచునూరు, పాశమైలారం కంపెనీల్లో నైట్ షిఫ్టులు చేసి, జీతం కూడబెట్టి తండ్రి కొన్న రెండెకరాల సంగతి వేరు. అది స్వార్జితం. బతికున్నన్నాళ్లు ఆయన అమ్ముకోవచ్చు, దానం ఇవ్వొచ్చు, ఒక్కరికే వీలునామా రాయొచ్చు. రోడ్డు కింద పోతే పరిహారమూ ఆయనదే. ఆ అధికారాన్ని సుప్రీంకోర్టు 1953లోనే అరుణాచల ముదలియార్ కేసులో ఒప్పుకుంది.

"అయితే తాత పేరు చెప్పు." ఇదీ చెల్లదు. తాత సొంతంగా సంపాదించి, 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా రాయకుండా చనిపోతే, తండ్రి వాటాకు వచ్చింది తండ్రి సొంతమే అవుతుంది. 1986లో చందర్ సేన్ కేసులో ఈ సంగతి తేలిపోయింది.

"ఉమ్మడి పంట పైసలతోనే కొన్నడని రాయించు." రాయించడం సులువే, రుజువు చెయ్యడమే కష్టం. కుటుంబం ఉమ్మడిగా ఉన్నంత మాత్రాన ఆస్తి ఉమ్మడిది కాదని, ఆ మాట అనేవాడే నిరూపించాలని 2003లో లక్ష్మయ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రులకు ఒక మాట: సేల్ డీడుతో పాటు ఆ ఏటి జీతం స్లిప్పులు, పీఎఫ్ కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్ ఒకే సంచిలో పెట్టుకోండి. దావా పడితే మీ తరఫున మాట్లాడేవి అవే.

అన్నిటికంటే అన్యాయమైన సలహా ఇది: "కట్నం ఇచ్చినం, బిడ్డకు ఇంకేం వాటా?" తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితం భార్యకూ కొడుకులకూ బిడ్డలకూ, ఆయన తల్లి బతికుంటే ఆమెకూ సమానంగా చేరుతుంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ మిగిలితే రెండెకరాల్లో తలా 20 గుంటలు. కట్నం ఇచ్చామని ఆ 20 గుంటలు తగ్గవు. అందుకే ఫౌతి చేయించే ముందు ఆడబిడ్డను పిలిచి, చీర పెట్టి, కాగితం ముందుకు జరుపుతారు. అక్కా, చెల్లే, చదవకుండా సంతకం పెట్టకండి. తండ్రి బతికుండగా వారసత్వం వదులుకున్నట్టు రాసిచ్చిన కాగితం మామూలుగా చెల్లదు, ఎందుకంటే అప్పటికి వదులుకోవడానికి మీకు హక్కే పుట్టలేదు. తండ్రి పోయాక రిజిస్టర్ చేసిచ్చే హక్కు విడుదల పత్రం అట్లా కాదు, అది మీ వాటాను నిజంగానే తీసుకుపోతుంది. పాస్‌బుక్‌లో అన్నదమ్ముల పేర్లే ఎక్కాయని మాత్రం భయపడకండి, పేరు ఎక్కినంత మాత్రాన మీ వాటా పోదు. ముస్లిం కుటుంబాల్లో లెక్కలు వేరు. అక్కడా తండ్రి బతికుండగా పిల్లలకు హక్కు లేదు.

ఇక తల్లిదండ్రులకు ఇచ్చే సలహా: "ఇప్పుడే కొడుకు పేరు మీద గిఫ్ట్ డీడు చెయ్యి, మంచిగ చూసుకుంటడు." చూసుకోకపోతే? 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం కింద ఆర్డీఓ ట్రిబ్యునల్‌లో ఆ డీడును రద్దు చేయించుకునే దారి ఉంది. కానీ పోషించాలనే షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025లో ఊర్మిళా దీక్షిత్ కేసులో కొంత ఉదారంగా చూసినా, షరతు డీడులోనే రాయించుకోవడం క్షేమం. వీలునామా అంతకంటే మేలు: ఇద్దరు సాక్షులు చాలు, చివరి రోజు దాకా మార్చుకోవచ్చు.

దావా వేసే ముందు సంగారెడ్డిలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకూ కంపెనీ కార్మికులకూ ఆదాయంతో పని లేకుండా అక్కడ వకీలు సాయం ఉచితం.