కత్తిపీట ఆత్మకథ: వేసవి పచ్చిముక్కల అధ్యాయం

కత్తిపీట అంటే నేల మీద కూర్చుని కూరగాయలు తరగడానికి వీలుగా చెక్కపీటలో నిటారుగా దిగగొట్టిన వంపు కత్తి. పీటను పాదంతో తొక్కిపట్టి కాయను రెండు చేతులతో అంచు మీదికి తోస్తారు కనుక ఈ పనిముట్టులో కదిలేది కాయే తప్ప కత్తి కాదు. కొన దగ్గర కొబ్బరి కోరడానికి పళ్ళున్న బిళ్ళ ఒకటి ఉంటుంది. బెంగాలీల బొంటి, మరాఠీల విళీ, కన్నడిగుల ఈళిగె మణె దీని వంశంలోనివే. తన కథ చెప్పుకుంటున్న ఈ కత్తిపీట కృష్ణా డెల్టాలోని ఒక పల్లెలో, కమ్మరి కొలిమిలో సాగిన ఇనుముకు వడ్రంగి చెక్కిన తుమ్మపీట జతపడగా పుట్టి, సారె సామానుతో పాటు ఒక కొత్త పెళ్ళికూతురి వెంట అత్తవారింటికి చేరింది. పనిముట్టు తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ప్రథమ పురుషే మర్యాద అన్నది దాని నమ్మకం.

రుచి విషయంలో దాని సాక్ష్యానికి ఒక పరిమితి ఉంది. ప్రతి కాయనూ మొదట కోసేది అదే అయినా, ముక్క గిన్నెలో పడ్డాక ఏమైందో స్వయంగా తెలుసుకునే దారి దానికి లేదు. గోడకు చేరవేసి ఉండగా వినబడిన మాటలను, విస్తళ్ళలో మిగిలి వెనక్కి వచ్చిన ముక్కలను, మరునాడు మారిన తరుగు కొలతను బట్టి మాత్రమే అది తన నిర్ణయాలకు వచ్చింది. వాటిలో ముఖ్యమైనది ఇది: వేసవి భోజనంలో అన్నం పక్కన చేరే పచ్చిముక్కల వంటకాలన్నీ, అంటే పోపు కోసం తప్ప పొయ్యితో పనిలేనివన్నీ, కాయలోని నీటిని ఏం చేయాలన్న ఒకే ప్రశ్నకు వేరువేరు జవాబులు. తరిగిన ముక్కకు ఉప్పు తగలగానే బయటికి చేరే ఈ నీటిని ఊట అంటారు. కణం బయట ఉప్పు గాఢత పెరిగినప్పుడు లోపలి నీరు పొర దాటి బయటికి వస్తుందని, దీని పేరు ద్రవాభిసరణమని పాఠ్యపుస్తకాలు వివరిస్తాయి. కీరదోస బరువులో దాదాపు 95 శాతం నీరే కనుక, ముక్క ఎంత సన్నమైతే, ఉప్పు ఎంత ముందు పడితే, ఊట అంత ఎక్కువ. ఈ రెండింటిలో ముక్క కొలత కత్తిపీట చేతిలోది, ఉప్పు వేళ వండేవారి చేతిలోది.

వేసవి పని ఉగాదితో మొదలవుతుంది. ఆ ఉదయం కొత్త చింతపండు పులుసులో పడవలసిన మామిడి ముక్కను చెక్కుతోనే సన్నగా తరుగుతారు. బెల్లం తీపికీ వేపపువ్వు చేదుకీ మధ్య పులుపుతో పాటు కాస్త వగరు కూడా మిగలాలంటే చెక్కు ఉండాలి. శ్రీరామనవమి నాటి వడపప్పు అంతకంటే తేలిక: గంటో రెండు గంటలో నానిన పెసరపప్పును వడకట్టి, కోరిన కొబ్బరి, మామిడి తురుము, పచ్చిమిర్చి ముక్కలు, ఉప్పు కలిపితే చాలు. దీనికే కీరా తరుగు, నిమ్మరసం, పోపు చేరితే కన్నడదేశంలోనూ దాని సరిహద్దు సీమ జిల్లాల్లోనూ కోసంబరి అవుతుంది. నైవేద్యంగా పానకంతో పాటు పంచిపెట్టే ఈ వడపప్పును ఏడాదికి ఒక్క పూటకే పరిమితం చేయడం ఈ కత్తిపీటకు ఎన్నడూ అర్థం కాలేదు. మే నెల మధ్యాహ్నాలకు దానిని మించిన పక్కవంటకం అరుదు. వేసవి తిండి వేరుగా ఉండాలన్న ఆలోచన ఇక్కడ పాతదే: 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు కాలాన్ని బట్టి భోజనం మారుస్తాడు, అందులో వేసవి వంతుకు పలుచని అంబలి, పండ్లు, నీరుమజ్జిగ వచ్చాయి.

అయితే వేసవిలో ఈ కత్తిపీట మీద అన్నిటికంటే ఎక్కువగా తెగినది దోసకాయ. కీరా కాదు, పసుపుపచ్చ చెక్కుతో గుండ్రంగా ఉండే కూరదోస; వృక్షశాస్త్రం ప్రకారం కీరా ఒక జాతి, ఇది కర్బూజా జాతికి చెందిన మరో కాయ. కోయగానే మొదట జరిగే పని చేదు చూడటం. దోస కుటుంబపు కాయల్లో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి, తీగకు నీటి ఎద్దడి వస్తే అవి పెరగవచ్చు, కనుక ముదురు వేసవిలో పైకి బాగా కనిపించే కాయ కూడా మోసం చేస్తుంది. తొడిమ వైపు ముక్క కోసి, కోసిన మొహానికి రుద్దితే చేదు నురుగుగా దిగిపోతుందన్న నమ్మకం చాలా ఇళ్ళలో ఉంది. నురుగు రావడం ఈ కత్తిపీట చూసింది, చేదుకాయ తీపికాయగా మారడం మాత్రం చూడలేదు. మరీ చేదైన కాయ కడుపును పాడుచేస్తుంది కూడా కనుక నాలుక మీద ముక్క పెట్టి చూసి, చేదైతే పారవేసేవారిదే సరైన పద్ధతి.

ఆ కాయతో చేసే రెండు వంటకాలు ఊట విషయంలో పూర్తిగా వేరు దారులు పట్టాయి. మొదటిది దోసావకాయ. ఇందులో చెక్కుతోనే చిన్న చదరపు ముక్కలు కోసి, కారం, ఆవపిండి సమపాళ్ళలో, ఉప్పు వాటికంటే కాస్త తగ్గించి, నువ్వులనూనెతో కలుపుతారు. కలిపిన వెంటనే తింటే ఇది చప్పగా తోస్తుంది, పూటసేపు ఆగితే ముక్కుకు తగిలే ఘాటు వస్తుంది. కారణం ఆవపిండిలో ఉంది. ఆవగింజలోని ఘాటు తయారుగా ఉండదు, పొడి అయిన గింజకు తడి తగిలినప్పుడు అందులోని ఎంజైమ్ పనిచేసి దానిని పుట్టిస్తుంది, నూనె ఒక్కటే ఆ పని చేయలేదు. కనుక దోసావకాయలో ఊట దోషం కాదు, పదార్థాలలో ఒకటి; ముక్క తడి ఆరేదాకా ఆరబెట్టి కలిపేవారు పెద్ద ఆవకాయ నియమాన్ని ఇక్కడికి తెచ్చి పచ్చడిని మందగింపజేస్తారు. సంవత్సరం నిలవ ఉండవలసిన మామిడి ఆవకాయకు తడి శత్రువు, రెండు మూడు రోజుల్లో అయిపోవలసిన దోసావకాయకు అదే ప్రాణం.

రెండోది దోసకాయ రోటిపచ్చడి, అంటే రోట్లో నూరే పచ్చడి. నూనెలో వేగిన ఎండుమిర్చి, మినప్పప్పు, ఆవాలు, ఇంగువను చింతపండుతో, ఉప్పుతో ముందుగా మెత్తగా నూరి, పచ్చి దోసముక్కలను చివర వేసి బండతో నాలుగు పోట్లు పొడిచి వదిలేస్తారు. ముక్క నలిగి నలగనట్టు ఉండాలి. సగం ఊట నూరిన కారంలోకి ఇంకాలి, సగం ముక్కలోనే ఉండి పంటికింద బయటపడాలి. మిక్సీ వచ్చాక ఈ మధ్యస్థితి కష్టమైంది. ఆ యంత్రం మీద కత్తిపీటకు వ్యక్తిగతమైన కక్ష లేదు గాని, ఒక్క తిప్పు ఎక్కువైతే దోసముక్క నీరై, పచ్చడి పులుసై, అన్నంలో కలవక పక్కకు పారుతుందన్నది విస్తళ్ళు చెప్పిన సంగతి. ముక్కలను మిక్సీలో వేయకుండా, నూరిన కారాన్ని మాత్రం తీసి చేత్తో కలిపేవారు ఈ చిక్కును తేలిగ్గా దాటారు.

ఆ ఇంటి పెద్ద కోడలు కరీంనగర్ వైపు నుంచి వచ్చింది. ఆమెతో పాటు పచ్చిపులుసు వచ్చింది. పచ్చిపులుసు అంటే కాచని పులుసు: నానిన చింతపండును పిసికి పలుచని రసం తీసి, సన్నగా తరిగిన ఉల్లిపాయను ఉప్పుతో, కాల్చిన పచ్చిమిర్చితో, కొత్తిమీరతో కలిపి చేత్తో గట్టిగా నలిపి అందులో వేసి, వేయించిన నువ్వుల పొడి చేర్చి, పైన పోపు పెడతారు. మొదటిసారి అది విస్తరి పక్కకు వచ్చినప్పుడు "కాచడం మరచిపోయావేమో అమ్మాయ్" అని అత్తగారు అన్నారు. "కాస్తే చారైతది అత్తయ్యా, ఇది ఎండలకు" అని కోడలు జవాబిచ్చింది. తరువాత ఆ ఇంట్లో మే నెలంతా చారు గిన్నె బోర్లానే ఉంది. తెలంగాణ పల్లెల్లో ముద్దపప్పు పక్కన పచ్చిపులుసు ఉంటే మరో కూర అడగరన్న మాటలో అతిశయోక్తి ఎంత ఉన్నా, పప్పు మందాన్ని పులుపు కోస్తుందన్నది నిజం. ఇక్కడ ఊటను ఉద్దేశపూర్వకంగా పిండుతారు: ఉప్పుతో నలిపిన ఉల్లి తన రసాన్ని పులుసుకు ఇచ్చి, తాను ఘాటు తగ్గి మెత్తబడుతుంది.

ఉల్లి తరిగేటప్పుడు కన్నీళ్ళకు బాధ్యత కొంత కత్తిపీటదే. ఉల్లి కణాలు తెగినప్పుడు వేరువేరు అరల్లో ఉన్న పదార్థాలు కలిసి కళ్ళు మండించే వాయువు పుడుతుంది. దాని పుట్టుకకు ప్రత్యేకంగా ఒక ఎంజైమ్ కారణమని జపాన్ పరిశోధకులు 2002లో చూపించారు. మొద్దుబారిన అంచు కణాలను కోయడానికి బదులు నలుపుతుంది కనుక మంట ఎక్కువ, సానపట్టిన అంచుతో తక్కువ. చద్దన్నం దగ్గర మాత్రం ఈ పనిముట్టుకు ప్రవేశం లేదు: రాత్రి అన్నం నీళ్ళలో, మజ్జిగలో నానగా పొద్దున పొలానికి పోయేవారు ఉల్లిగడ్డను పిడికిలితో గుద్ది విడదీసి నంజుకుంటారు, కోసిన ఉల్లికి ఆ రుచి రాదంటారు. వృత్తిరీత్యా ఒప్పుకోవలసిన మాట కాకపోయినా ఈ కత్తిపీట దానిని కాదనలేదు.

పెరుగుపచ్చడిలో వరస తారుమారవుతుంది, ఎందుకంటే అక్కడ ఊట నిజంగానే శత్రువు. కీరా, టమాటా, ఉల్లి వంటివి పచ్చిగానే పడతాయి. పొట్లకాయనైతే చక్రాలుగా కోసి కాస్త మగ్గబెట్టి వేస్తారు. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేసిన పోపు చల్లారాక కలపాలి, వేడిగా పోస్తే పెరుగు విరిగినట్టు అవుతుంది. ముక్క పెద్దగా ఉండటం, పెరుగు గట్టిగా ఉండటం, ఉప్పు వడ్డనకు ముందు మాత్రమే పడటం, ఈ మూడూ కుదిరితే అన్నం మీద నిలిచే పచ్చడి వస్తుంది, ఒక్కటి తప్పినా మజ్జిగ వస్తుంది.

మామిడికాయతో ఈ కత్తిపీటకు ఉన్న బంధం కాస్త చికాకైనది. కాయలోని పులుపు ఇనుమును తింటుంది, వగరు పదార్థాలు ఇనుముతో కలిసి నల్లని మరక చేస్తాయి, కనుక కోరిన కొబ్బరితో మామిడికాయ పచ్చడి చేసే రోజున ముక్కల అంచులు నలుపెక్కాయని ఫిర్యాదు తప్పదు. పది శాతానికి పైగా క్రోమియం ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు కత్తులకు ఈ ఇబ్బంది లేదు. ఇనుప కత్తికి ఉన్న మార్గం తరిగిన వెంటనే కడిగి, తుడిచి, నూనె చేయి రాయడమే. ఇక ఆవకాయ పెట్టే రోజున అది పూర్తిగా పక్కకు తప్పుకుంటుంది, ఎందుకంటే ఆ ముక్కకు టెంక అంటి ఉండాలి, గట్టి టెంకను రెండుగా చీల్చడానికి పిడి ఉన్న బరువైన వేరే కత్తి కావాలి. బజారులో కాయకు ఇంతని తీసుకుని కొట్టిపెట్టేవారు వాడేది అదే.

బూడిదగుమ్మడి వడియాల రోజు మాత్రం పని అంతా దీనిదే, మొదటి వేటు తప్ప. నిండుగుమ్మడిని ఆడవారు ముందుగా కోయరాదన్న ఆచారం వల్ల ఇంటి మగవారెవరో వచ్చి కాయను పగలగొట్టి వెళ్ళిపోతారు, మిగిలిన శ్రమంతా ఆడవారు చేస్తారు. ఇందులోని న్యాయం ఏమిటో కత్తిపీటకు ఇప్పటికీ బోధపడలేదు. చిన్నగా తరిగిన ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు కింద ఉంచి ఊటను ముందే పిండేసి, మరునాడు మినప్పిండిలో కలిపి డాబా మీద పెడతారు. రోళ్ళు పగులుతాయని పేరున్న రోహిణి కార్తె ఎండకు మిగిలిన తడి కూడా పోతుంది, అదే ఎండకు పీటచెక్క ఎండి కుంచించుకుపోయి కత్తి వదులవుతుంది కూడా. ఏటా ఆ రోజుల్లోనే దానికి కొత్త చీలిక కొట్టించవలసి వచ్చేది.

వంటగట్టు వచ్చి నిలబడి వండటం మొదలైన తరువాత కత్తిపీటకు కొబ్బరి, గుమ్మడి, పనస వంటివే మిగిలాయి. దోసకాయలు గట్టు మీద చెక్కపలక పైన, చిన్న కత్తితో తెగుతున్నాయి. ముక్క నిదానంగానే అయినా ఇంకా సమంగా పడుతోందని ఒప్పుకోవలసిందే. ఆ ఇంటి మనవరాలు టెక్సాస్‌లో పెరటి మడిలో దోసపాదు పెంచి, మొదటి కాయతో పెరుగుపచ్చడి చేసి, "నాయనమ్మా, గంటకే నీళ్ళైపోయిందేమిటి?" అని ఫోనులో అడిగింది. "ఉప్పు ఎప్పుడు వేశావే?" అని ఇటునుంచి ప్రశ్న వెళ్ళింది. పొద్దున్నే వేశానన్న జవాబుకు ముసలావిడ నవ్వుతుండగా, వంటింట్లోంచి కరీంనగర్ కోడలు అందుకుని, వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపితే ఆ నీళ్ళు పీల్చుకుంటుందని, పారబోయవద్దని కూతురికి కేకేసి చెప్పింది.