ప్రవర చెప్పని ప్లేటు

మళ్ళీ వచ్చింది. ఈసారి అద్దంలా ఉంది, చేత్తో ఎత్తి పట్టుకుంటే అవతలి గోడ కనిపిస్తుంది. ఒక వైపు గాడి, రెండో వైపు బొమ్మ. 1973లో ఒక్క రికార్డు అటూ ఇటూ తిప్పితే అయిపోయిన ఆల్బం వినడానికి ఇప్పుడు రెండు రికార్డులు కావాలి. ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ స్వర్ణోత్సవం 2023తో సరి అనుకుని ఊపిరి పీల్చుకున్న అమాయకుణ్ణి నేను. మా తోడల్లుడు రెండు సెట్లు తెప్పించాడు. ఒకటి వినడానికి, ఒకటి వినకుండా దాచడానికి.

ఇవి రాకముందే అతని బీరువాలో ఆ ఆల్బం ఏడు రకాలుగా ఉంది. తొలి బ్రిటిష్ ముద్రణ, మొబైల్ ఫిడిలిటీ వాళ్ళు 1979లో సగం వేగంతో గాడి కోసి తెచ్చినది, జపాన్‌ది, 2003లో ముప్పయ్యేళ్ళ పండక్కి వచ్చినది, 2016ది, ఇంకా ఏవో రెండు. ఏడు చేపల కథలో లాగే వీటిలోనూ ఒకటి ఎప్పుడూ ఎండదు. “ఇందులో బేస్ కాస్త తడిగా లేదూ అన్నయ్యా?” అంటాడు. ఉంటుంది నాయనా. గడ్డిమోపు అడ్డమొచ్చి ఉంటుంది.

పాట మొదలయ్యే ముందు ఒక తతంగం ఉంది. కవరులోంచి రికార్డుని రెండు అరచేతుల మధ్య, అంచులు తప్ప ఇంకేమీ తగలకుండా, పురిటిబిడ్డని తీసినట్టు తీస్తాడు. ఫోనులో టార్చి వేస్తాడు. నన్ను వంగమంటాడు. పాటల గాడి అయిపోయాక, లేబుల్‌కి ముందు నున్నటి జాగా కొంచెం మిగులుతుంది కదా, అందులో సూదితో గీకినట్టు అంకెలూ అక్షరాలూ ఉంటాయి. వెలుతురు ఏటవాలుగా పడితేనే కనిపిస్తాయి. “చూశారా అన్నయ్యా, జీ!” అన్నాడు. నాకు కనిపించింది నా బట్టతల నీడ.

ఆ ‘జీ’ ఏమిటో తెలియాలంటే ప్రవర వినాలి. లక్క పళ్ళెం మీద గాడి కోస్తారు. దానిమీద లోహం పేర్చి తీసిన అచ్చు తండ్రి. తండ్రి నుంచి తల్లి. తల్లి నుంచి స్టాంపరు. రెండు స్టాంపర్ల మధ్య ప్లాస్టిక్ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. త్రయార్షేయం. ఏ తల్లో చెప్పే అంకె ఎడమ పక్క, ఎన్నో స్టాంపరో చెప్పే అక్షరం కుడి పక్క. ఇంగ్లండులో హేస్ ఫ్యాక్టరీ వాళ్ళు ఈ లెక్క కోసం కంపెనీ పేరులోంచి పది అక్షరాలు ఏరుకున్నారు: జీ, ఆర్, ఏ, ఎమ్, ఓ, పీ, హెచ్, ఎల్, టీ, డీ. జీ ఒకటి, ఆర్ రెండు, అలా వెళ్ళి డీ సున్నా. మన కటపయాదికి దూరపు చుట్టం. కటపయాది వస్తే కనీసం మేళకర్త సంఖ్య తెలుస్తుంది. ఇది వస్తే ఆ ఫ్యాక్టరీ గుమాస్తాకి తప్ప ఎవరికీ అక్కర్లేని సంగతి తెలుస్తుంది.

జీ అంటే ఆ తల్లికి తొలిచూలు, కాబట్టి గాడి పదునుగా ఉంటుందని సిద్ధాంతం. బాగుంది. కానీ ఏ తల్లికి? తల్లులు చాలామంది. ఒక్కో తల్లికీ ఒక పెద్దకొడుకు ఉంటాడు. మూడో తల్లి పెద్దకొడుకు గొప్పా, మొదటి తల్లి నాలుగో కొడుకు గొప్పా? దశరథుడే తేల్చుకోలేక మంచం పట్టిన లెక్క ఇది.

అక్కడితో అయిందా? ఒక స్టాంపరు వందల రికార్డులు నొక్కుతుంది, నొక్కుతూ అరుగుతుంది. మొదట దిగినదానికీ జీనే, చివర దిగినదానికీ జీనే. ఏది ముందో చెప్పే అక్షరం ఏ పళ్ళెం మీదా లేదు. ఈ యాభై ఏళ్ళలో ఎవరింట్లో ఏ మొండి ముల్లు దాన్ని ఎంత గీకిందో ఏ ప్రవరా చెప్పదు. ఈ మాట అన్నందుకు నాకు ఆ పూట కాఫీ రాలేదు. మర్నాడు పొద్దున్నే ఫోను: “రాత్రంతా ఆలోచించానన్నయ్యా. జీలో చివరివాటికన్నా ఆర్‌లో మొదటివి మేలు.” పళ్ళు తోముకుంటూ విన్నాను.

ఆ బ్రిటిష్ ముద్రణలో లేబుల్ మీద త్రికోణం నిండా నీలం ఉంటే ఒక ధర, ఉత్త గీతలైతే ఇంకో ధర. రంగు కూడా చెవికి వినిపిస్తుందన్నమాట. 180 గ్రాముల రికార్డట, బంగారంలా తూకానికి అమ్ముతున్నారు.

ముద్రణల మధ్య తేడాలే లేవని నేననను. గాడి కోసే మనిషి మారితే వినికిడి మారుతుంది. ‘లెడ్ జెప్లిన్ 2’కి బాబ్ లడ్విగ్ కోసిన గాడికీ, ఆ తర్వాత వేరేవాళ్ళు కోసినదానికీ తేడా నాలాంటి చెవికి కూడా అందుతుంది. కానీ వీళ్ళు వినేది గాడిని కాదు, గోత్రాన్ని. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని సామెత. ఇక్కడ వినేవాడే వేదాంతి.

2022 జులై సంగతి ఎత్తితే మాత్రం ఈ వేదాంతులకి దగ్గు వస్తుంది. అమెరికాలో ఫీనిక్స్‌లో రికార్డుల కొట్టు నడిపే ఒకాయన బయటపెట్టాడు: అసలు మాస్టర్ టేపు అని నెత్తిన పట్టీ వేసి అమ్మిన మొబైల్ ఫిడిలిటీ రికార్డుల్లో, పదేళ్ళకు పైగా, చాలావాటికి మధ్యలో డిజిటల్ కాపీ ఉంది. కంపెనీ ఇంజనీర్లే ఒప్పుకున్నారు. కేసులు పడ్డాయి, రాజీ కుదిరింది. డిజిటల్ గాలి సోకితే తలస్నానం చేసే పెద్దమనుషులు అన్నేళ్ళూ ఆ రికార్డులే పెట్టుకుని “ఆహా, అనలాగ్ వెచ్చదనం” అన్నారు. గుట్టు రట్టయింది చెవుల వల్ల కాదు, నోళ్ళ వల్ల. తెలిసిన వారానికి మా తోడల్లుడికి వాటిలో చల్లదనం వినిపించడం మొదలైంది.

డబ్బు వాళ్ళది, పోగొట్టుకోనీ. నాకు ఒళ్ళు మండేది వేరే చోట. మా తోడల్లుడు, వాళ్ళబ్బాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఇదే ఆల్బం వింటూ తల ఊపుతుంటే, “నువ్వింకా ఇది విననే లేదురా” అన్నాడు నా ఎదుటే. ఆ పిల్లాడు తల ఊపడం ఆపేశాడు. నేను హాస్టల్లో కాపీకి కాపీ తీసిన కేసెట్ మీద విన్నవాణ్ణి. సగం హిస్సు, సగం పాట. అయితే నేనూ వినలేదా? ఎవరయ్యా మీరు, వినడానికి లైసెన్సులిచ్చే ఆర్టీవోలా? అసలు ఈ ఆల్బం మాస్టర్ టేపే తొలిచూలు కాదు. ఆబీ రోడ్డు స్టూడియోలో ఆ బ్యాండువాళ్ళకి పదహారు ట్రాకులూ నిండిపోతే, వాటిని కుదించి ఇంకో టేపు మీదికి ఎక్కించి మిగతా పని చేసుకున్నారు. కాపీ అని వాళ్ళకి చిన్నతనం లేదు. వాళ్ళకి పాట కావాలి.

మొదటి వైపు చివర ఒక ఆడగొంతు ఉంటుంది. మాటల్లేవు, ఉత్త గొంతు. క్లేర్ టోరీ. ఆ పూట ఆమె చేతిలో పెట్టింది 30 పౌండ్లు. ఆ పాట కట్టడంలో తనకీ భాగం ఉందని 2004లో కోర్టుకెక్కి, 2005లో రాజీ అయ్యాక గానీ పాట కట్టినవాళ్ళలో ఆమె పేరు చేరలేదు. అన్నేళ్ళూ ఆమె గొంతు చుట్టూ ఏ ముద్రణలో ఎంత గాలి ఆడుతోందో కొలిచారు, లేబుల్‌ని భూతద్దం పెట్టి చదివారు. త్రికోణం రంగు పట్టుకున్న కళ్ళకి, దాని పక్కనే లేని పేరు కనిపించలేదు.

ఆదివారం రమ్మంటే వెళ్ళాను, కొత్తది వినడానికి. పాతవాటితో పోల్చాలి కదా, అన్నీ బయటికి తీశాడు. గడియారాలన్నీ ఒక్కసారి గణగణ మోగుతాయి, ముల్లు లేస్తుంది. ఇంకో రికార్డు. గడియారాలు మోగుతాయి, ముల్లు లేస్తుంది. గంటన్నరలో ఎనిమిదిసార్లు గంటలు కొట్టాయి గానీ పాట ముందుకి కదల్లేదు.

“ఒక్కసారి చివరిదాకా వదిలెయ్ తమ్ముడూ, ఆవిడ పాట విందాం” అన్నాను.

“చివర్లో ఏముంటుందన్నయ్యా? బయటి అంచున సెకనుకి 50 సెంటీమీటర్లు పరిగెత్తే గాడి, లోపలికొచ్చేసరికి 20కి పడిపోతుంది. అక్కడ ఏ ముద్రణైనా ఒకటే. పోల్చడానికి పనికిరాదు” అని ముల్లు ఎత్తాడు.