ముందు మానేయండి, తర్వాత చూద్దాం

వైద్య పరిశోధనలో పైకి రావాలనుకునే ఆడపిల్లలకు నాదొక ఉచిత సలహా. ముందు ఉద్యోగం మానేయండి. మానేసి ఓ నాలుగేళ్లు ఇంట్లో కూర్చోండి. అప్పుడు చూడండి, మీ మీద ప్రభుత్వానికి పొంగుకొచ్చే ప్రేమ! మధ్యలో పరిశోధన ఆపేసిన మహిళల కోసం శాస్త్ర సాంకేతిక శాఖ ఇరవయ్యేళ్ల కిందటే పథకం పెట్టింది. బయోటెక్నాలజీ శాఖ 2011లో బయోకేర్ తెచ్చింది. ఆరోగ్య పరిశోధన శాఖ ఫెలోషిప్ వేరే ఉంది. కిరణ్, వైజ్, విదుషి, గతి... పేర్లు పెట్టడంలో మన శాఖలు బారసాలకొచ్చిన మేనత్తలను మించిపోయాయి.

వెక్కిరించడం కాదు, ఈ డబ్బుతో మళ్లీ ల్యాబు గుమ్మం ఎక్కినవాళ్లున్నారు. కాకపోతే ఆ డబ్బు సాధారణంగా మూడేళ్లకే. నాలుగో ఏడు మళ్లీ ఇల్లే. మానకుండా పళ్ల బిగువున పని చేసుకుపోయే మనిషి దగ్గర ఇంత సందడి ఉండదు. చేతులు కాలేదాకా ఆగి, ఆపైన ఆకులు పంచడం మన పద్ధతి.

ఎందుకు మానేస్తారంటారా? ఇంటర్వ్యూ గదిలోకి తొంగిచూడండి. "ఏమ్మా, పెళ్లయిందా?" కాలేదంటే, రేపు అవుతుంది, మొగుడి వెంట ఏ పుణేకో పోతుంది. అయిందంటే, కాన్పు తప్పదు. ఒకడున్నాడంటే, రెండోది ఉంటుంది. ఇద్దరూ బడికి వెళ్తున్నారంటే, అయ్యో, వయసు దాటిపోయిందే! పక్క కుర్చీలో అబ్బాయిని మాత్రం పీసీఆర్ గురించి అడుగుతారు. అతనికీ ఇద్దరు పిల్లలే. వాళ్లు బయోడేటాకు అడ్డం రారు.

సరే, ఉద్యోగం వచ్చిందే అనుకుందాం. మన సంస్థల్లో తల్లికి దక్కే గౌరవం కళ్లారా చూడాలంటే యానిమల్ హౌస్‌కు వెళ్లాలి. ఇరవై నాలుగు గంటలూ ఏసీ. లైట్లు పన్నెండు గంటలు వెలుగుతాయి, పన్నెండు గంటలు ఆరిపోతాయి. చూడి ఎలుకకు గూడు కట్టుకోను మెత్తటి సరుకు వేస్తారు. ఈనాక కొన్నాళ్లు పంజరం కదపరు, చప్పుడు చేయరు. చేస్తే అది బెదిరి పిల్లల్ని తినేస్తుందని భయం. మూడు వారాలు నిండేదాకా పిల్లల్ని తల్లి నుంచి విడదీయరు. చూడ్డానికి పశువైద్యుడు, ఆ పైన ఎథిక్స్ కమిటీ. ఇక వాటికి సూది వేసే రీసెర్చ్ అసోసియేట్ సంగతి. ఆమె స్టోర్ రూములో అట్టపెట్టెల మధ్య నిలబడి పాలు పిండుకుంటుంది. రియేజెంట్లున్న ఫ్రిజ్‌లో అలాంటివి పెట్టకూడదని రూలు, మంచి రూలే. అందుకని వాష్‌బేసిన్‌లో పారబోసి వచ్చి, మళ్లీ ఎలుకల బరువులు చూస్తుంది.

యాభై మంది పనిచేసే చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని 2017 నుంచీ చట్టం చెబుతోంది. దానికి విరుగుడు కనిపెట్టడం పరిశోధన సంస్థలకు ఒక లెక్కా? గేటు లోపల మూడు వందల మంది ఉంటే ఉండనీండి. ప్రాజెక్టు స్టాఫ్ ప్రాజెక్టువాళ్లు, ఔట్‌సోర్సింగ్ స్టాఫ్ ఏజెన్సీవాళ్లు. సొంతవాళ్లని లెక్కపెడితే నలభై తొమ్మిది! పీహెచ్‌డీ అమ్మాయిలకు యూజీసీ 240 రోజుల ప్రసూతి సెలవు, థీసిస్‌కు అదనంగా రెండేళ్లు ఇచ్చింది. సంతోషం. వాళ్లకు స్టైపెండ్ ఇచ్చే ప్రాజెక్టుకు మాత్రం నెలలు నిండేది ఒక్కసారే, మార్చి 31న.

ఇది ఇవాళ్టి కథ కాదు. 1933లో కమలా భాగవత్ బెంగళూరు ఐఐఎస్సీలో సీటడిగితే, ఆడపిల్లలకు ఇవ్వనన్నారు సర్ సీవీ రామన్. ఆమె సత్యాగ్రహానికి దిగారు. అప్పుడాయన షరతులు పెట్టారు: ఏడాది పాటు ప్రొబేషన్, గైడ్ చెబితే రాత్రి పొద్దుపోయేదాకా పని, ల్యాబు వాతావరణం చెడగొట్టకూడదు. ఏడాది తిరిగేసరికి ఆయన చేత శభాష్ అనిపించుకుని, కేంబ్రిడ్జి వెళ్లి 1939లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారామె. పెళ్లయ్యాక కమలా సొహోనీ అయ్యారు. కూనూరులో ఆమె పనిచేసిన పోషకాహార ల్యాబే 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది, మన జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) అదే. రామన్ గారిలో ఒక సుగుణం ఒప్పుకోవాలి, షరతులు మొహం మీదే చెప్పారు. ఇప్పుడవి నోటిఫికేషన్‌లో మర్యాదగా ఉంటాయి: వయసు ఇంత మించరాదు, గత అయిదేళ్ల పబ్లికేషన్లు జతచేయాలి. ఆడ, మగ అన్న మాటే ఉండదు. ఎంత సమానత్వం!

శాస్త్రవేత్తలకిచ్చే భట్నాగర్ బహుమతులు 2022 సంవత్సరానికి పన్నెండు మందికి వచ్చాయి. వైద్యశాస్త్రంతో సహా అందరూ మగవాళ్లే. ఆడవాళ్లు దొరకలేదు కాబోలు. ఫిబ్రవరి 11న సైన్స్‌లో మహిళల దినానికి, మార్చి 8న మహిళా దినోత్సవానికి మాత్రం ఇట్టే దొరుకుతారు. గేటు దగ్గర ముగ్గులు వేసేది వాళ్లే, జ్యోతి ప్రజ్వలనకు కుంది తుడిచేది వాళ్లే. ఇల్లూ ల్యాబూ రెండూ ఎలా చక్కబెట్టుకోవాలో ముఖ్య అతిథి సారు నలభై నిమిషాలు చెబుతారు. ఆయన చొక్కా ఎవరు ఇస్త్రీ చేశారో చెప్పరు.

అలాంటి ఒక సభలో ప్రశ్నలడగమంటే ఒక జేఆర్‌ఎఫ్ అమ్మాయి లేచి, "క్రెష్ ఎప్పుడు పెడతారు సార్?" అంది. "చాలా మంచి ప్రశ్నమ్మా!" అంటూ డైరెక్టర్ గారు అక్కడికక్కడే కమిటీ ప్రకటించారు. చైర్మన్ ఆయనే. సభ్యులు నలుగురూ మనవలున్న ప్రొఫెసర్లు. మహిళా ప్రాతినిధ్యం కోసం ఆ అమ్మాయినీ వేశారు, మినిట్స్ రాయడానికి.