ఫోటో అడగని దాత

పేరు వేయకుండా మన దగ్గర ఏ పనీ పూర్తయినట్టు కాదు. బస్టాపులో సిమెంటు బెంచీ వేస్తే, సరిగ్గా వీపు ఆనించే చోట ఎంపీ గారి నిధులని రాయాలి. బోరు వేస్తే శిలాఫలకం, దానికో పరదా, పరదా లాగడానికో మంత్రి. ఫలకం మీద ఎవరి పేరైనా ఒక వరస కిందికి జారిందా, ప్రోటోకాల్ రగడ, మర్నాడు పేపర్లో వార్త.

అలాంటి దేశంలో 2017 ఫిబ్రవరిలో కేంద్రం ఒక డేటా లైసెన్సును గెజిట్‌లో అచ్చేసింది. మేం బయటపెట్టిన సమాచారాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికైనా సరే. ఇచ్చిందెవరో, ఎక్కడిదో, ఏ లైసెన్సో ఒక ముక్క రాసి లింకు పెడితే చాలంది. ఫోటో అడగలేదు. పైగా ప్రభుత్వ చిహ్నాలు, లోగోలు ఈ లైసెన్సులోకి రావనీ, సర్కారు మిమ్మల్ని మెచ్చుకుందన్నట్టు చెప్పుకోవద్దనీ రాసింది. ఇంత నిరాడంబరమైన కాగితం ఏ అధికారి కళ్లుగప్పి బయటికొచ్చిందో!

చిక్కల్లా ఆ ఒక్క ముక్క ఎక్కడ రాయాలన్న దగ్గరే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని జనమే కూడి గీసుకునే పటం ఒకటుంది. 2004లో బ్రిటన్‌లో పుట్టి ప్రపంచమంతా పాకింది. రకరకాల దేశాల సర్కారీ డేటా అందులో కలిసింది. అన్ని శాఖల పేర్లూ ఫోను తెర మీద వేస్తే ఇక ఊరు కనబడదు. అందుకని మూలన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు మాత్రం పెట్టి, అది నొక్కితే తెరుచుకునే పేజీలో ఆస్ట్రియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా శాఖలకూ బ్రిటన్ ఆర్డ్‌నెన్స్ సర్వేకూ దండాలు పెట్టారు.

ఆ దండం చాలుతుందా? ఈ పటం వాళ్లకు పట్టింపెక్కువ. 2012లో తమ లైసెన్సు మార్చినప్పుడు, ఒప్పుకోనివాళ్లు గీసిన రోడ్లను పటంలోంచి చెరిపేసుకున్న మనుషులు. అందుకే, పేరు చెప్పి వాడుకోవచ్చనే ‘సీసీ బై’ లైసెన్సు మీద ఉదారంగా ఇచ్చేసిన డేటాకైనా, ఇచ్చినవారి నుంచి విడిగా సమ్మతి రాయించుకు రమ్మంటారు. ఇక ఆ సీను ఊహించుకోండి.

‘‘సార్, మీ డేటా వాడుకోవచ్చాండీ?’’

‘‘వాడుకోమనే కదయ్యా సైట్లో పెట్టింది.’’

‘‘అదే ఒక కాగితం మీద రాసిస్తే...’’

‘‘కాగితమా? అయితే పైకి రాయాలి.’’

అంతవరకూ ఉచితంగా ఉన్న డేటా ఆ క్షణం నుంచి ‘పరిశీలనలో’ ఉంటుంది. కాన్‌బెర్రా అయినా కాకినాడ అయినా బల్ల అవతలి మనిషి ఒక్కడే.

మూలం పేరు కోసం ఇంత చాదస్తం దేనికంటారా? 2016 దసరాకి ముందు తెలంగాణలో 10 జిల్లాలు. దసరా నాటికి 31, 2019లో 33. ఆంధ్రలో 13 కాస్తా 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. మూలం, సంవత్సరం లేని పటంలో మీ మండలం ఏ జిల్లాలో తేలుతుందో ఆ పటానికే తెలియదు. తప్పుంటే ఎవర్ని నిలదీయాలో ఆ ముక్క చెబుతుంది. శిలాఫలకం చెప్పదు, రోడ్డు కొట్టుకుపోయినా పేరు మాత్రం చెక్కుచెదరదు.

కంపెనీల తీరు వేరు. పటం ఊరికే తీసుకుంటాయి, పేరు దగ్గరికొచ్చేసరికి ప్రాణం పోతుంది. కొన్ని దాన్ని ‘i’ అని రాసిన చిన్న గుండ్రం వెనక దాచేస్తాయి. పోనీ అని 2021లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఫౌండేషన్ తన మార్గదర్శకాల్లో కొంత మెత్తబడింది: పేరు కనబడనివ్వండి, ఐదు సెకన్లయ్యాక మడతపెట్టుకోవచ్చు. ఐదు సెకన్లు! ఏ సర్పంచినైనా ఈ షరతుకు ఒప్పించి చూడండి.

అదీ కుదరదంటారు కొందరు. తెర చిన్నది, చోటు లేదట. అదే తెర మీద కంపెనీ లోగో ఉంటుంది. బిర్యానీ మీద తగ్గింపు ఉంటుంది. కింద ఐదు చుక్కల రేటింగ్. మధ్యలో బైకు బొమ్మ, ఎవరో ఎండన పడి గీసిన సందులోంచే మలుపు తిరుగుతూ.