డాక్టర్ బాబు వస్తున్నాడు, పక్కకు జరగండి!

2024 మార్చి నాటి ముచ్చట ఇది. మార్చి 25. సోమవారం. రాత్రి ఎనిమిది గంటలు. గోడ మీద రాసిపెట్టుకోండి. ఆ వేళకు ఎవరింటికీ చుట్టపుచూపుగా వెళ్లకండి. వెళ్లినా మంచినీళ్లు అడక్కండి. ఇచ్చే నాథుడుండడు.

టీవీ సీరియల్ ‘కార్తీకదీపం’ రెండో సీజన్ మొదలవుతోంది. ‘ఇది నవ వసంతం’ అట. వంటలక్క దీప వస్తోంది. డాక్టర్ బాబు వస్తున్నాడు. ఎన్నికల కోడ్ వచ్చి వారం దాటిందా? దాటనీ. ఐపీఎల్ మొదలైందా? అవనీ. ఏడున్నరకు మ్యాచ్ పెట్టుకుని కూర్చున్న మగమహారాజులారా, ఎనిమిదింటికి రిమోట్ మర్యాదగా అప్పగించండి. అలవాటేగా!

మా పక్కింటి పిన్నిగారు పది రోజులుగా నేల మీద లేరు. ప్రోమోను ఫోన్‌లో వేసి, ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ వేసి చూస్తున్నారు. దీప మెడలోది నల్లపూసలా, మామూలు గొలుసా అన్నది తేలాలి. తేలకపోతే అన్నం సహించదు.

“ఈసారి దీపను తెల్లగానే చూపిస్తారంటావా, బాబూ?”

“ఏమో పిన్నిగారూ.”

“కథ వేరట. మనుషులు మాత్రం వాళ్లేనట.”

మనుషులు వాళ్లే, కథ మాత్రం కొత్తది! ఈ మాట మొన్న ఏదో ఎన్నికల సభలోనూ విన్నట్టుంది.

ఇంతకీ పాత కథ గుర్తుందా? 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. మన అసెంబ్లీ గడువు ఐదేళ్లు. దీనికి అదీ చాల్లేదు. భర్త డాక్టర్ బాబు, గుండె వైద్యుడు. భార్య దీప నెల తప్పింది. బిడ్డ నాది కాదన్నాడు మహానుభావుడు. ఆవిడ ఇల్లు వదిలి, గరిటె పట్టుకుని, వంటలు చేసుకుని బతికింది. పిల్లలు పెరిగారు. పెరుగుతూనే ఉన్నారు. ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే పోయేదానికి ఇన్నేళ్లా? పాలు పోసే కుర్రాడికి తట్టింది. ఇస్త్రీ బండి తాతకు తట్టింది. పెద్ద చదువులు చదివిన డాక్టరుకు మాత్రం తట్టలేదు! హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ ఉంది. ఈ దేశానికి డీఎన్‌ఏ పరీక్షను అలవాటు చేసిన లాల్జీ సింగ్ పనిచేసింది అక్కడే. ఆటో ఎక్కితే తేలిపోయే సందేహం మీద వందల ఎపిసోడ్లు నడిపారు. మన డాక్టరుకు తట్టకుండా ఎవరు చూసుకున్నారు? తట్టిన మర్నాడు ఎవరి దుకాణం మూతపడుతుంది?

2022లో భార్యాభర్తలిద్దరినీ కథలో ప్రమాదంలో చంపేశారు. పిల్లలు రాత్రికి రాత్రే పెళ్లీడుకొచ్చారు. జనం మొహం చాటేశారు. రేటింగు బోర్లా పడింది. ఇంకేముంది? పోయినవాళ్లు తిరిగొచ్చారు! డాక్టర్ బాబుకు గతం గుర్తులేదన్నారు. రాసేవాళ్లకు మాత్రం గుర్తుందా ఏమిటి? ఆనాడు సావిత్రి యముడి వెంటపడి ఒక్క ప్రాణమే వెనక్కి తెచ్చుకుంది. టీఆర్పీ రేటింగు ఏకంగా రెండు తెచ్చింది.

నవ్వొస్తోందా? నాకూ వచ్చింది, రంగు సంగతి వచ్చేదాకా.

నల్లగా ఉందని ఆడపిల్లను చిన్నచూపు చూడకండి: ఐదేళ్లపాటు ఆ సీరియల్ చెప్పిన నీతి ఇది. బంగారం లాంటి మాట. మరి ఆ నల్లపిల్ల వేషానికి ఎవరిని తెచ్చారు? పసిమి ఛాయ ఉన్న నటిని తెచ్చి, షూటింగ్ ఉన్న రోజల్లా మొహానికీ చేతులకూ నలుపు పూశారు. మాతృక అయిన మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’లోనూ ఇదే వరస. దీప వేషం వేసిన ప్రేమీ విశ్వనాథ్‌ను తప్పుపట్టడం లేదు. ఆవిడ కన్నీళ్లకు ఇన్ని లక్షల ఇళ్లు కదిలాయి, నటన అంటే అదీ. అడుగుతున్నది తీసేవాళ్లను. నలుపు మీద జాలి కావాలి, నల్లమ్మాయి మాత్రం వద్దా? కడప నుంచి కాగజ్‌నగర్ దాకా వెతికితే నటన వచ్చిన నల్లని పిల్ల ఒక్కర్తె దొరకదా? దొరికినా ‘తల్లీ, అక్క పాత్రకు చూద్దాంలే’ అని పంపించారా? తెల్లబరిచే క్రీములు అమ్మేవాళ్లు కాస్త నయం. 2020లో ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ అని పేరైనా మార్చుకున్నారు. డబ్బా అదే, గిరాకీ అదే, కానీ సిగ్గుపడినట్టు నటించారు. వీళ్లు ఆ నటన కూడా చేయలేదు.

అన్నట్టు కొత్త సీజన్ మొదలయ్యేది సరిగ్గా హోలీ నాడు. ముహూర్తం పెట్టిన పంతులెవరో గానీ గట్టివాడు.

ఇక ఆ అరగంటలో మనం చూసేదేమిటి? పళ్లెం కింద పడుతుంది. అత్తగారి మొహం. ఢమ్. కోడలి మొహం. ఢమ్. డాక్టరు మొహం, ఈ పక్క నుంచోసారి, ఆ పక్క నుంచోసారి. ఢమ్, ఢమ్. పళ్లెం ఇంకా దొర్లుతూనే ఉంటుంది. ప్రకటనలు! సబ్బు, నగలు, కార్పొరేట్ కాలేజీ ర్యాంకులు, మళ్లీ సబ్బు. తిరిగొచ్చేసరికి పళ్లెం మళ్లీ మొదటి నుంచి పడుతుంది.

ఈ ప్రకటనలకో నిబంధన ఉందని తెలుసా? గంటకు 12 నిమిషాలు దాటి ప్రకటనలు వేయకూడదు. సరుకులకు పది, సొంత డప్పుకు రెండు. కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. 2013లో నియంత్రణ సంస్థ ట్రాయ్ దీన్ని అమలుచేసి తీరతానంది. ఛానెళ్లు కోర్టుకెక్కాయి. ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడి పదేళ్లు దాటింది. ఈలోగా కార్తీకదీపం మొదలైంది, ముగిసింది, మళ్లీ మొదలవుతోంది. ఈ కేసు మాత్రం 2024 నాటికీ మొదటి సీజన్‌లోనే ఉంది. వాయిదా, ఢమ్, వాయిదా.

“జనం చూస్తున్నారు కాబట్టే తీస్తున్నాం” అంటారు. ఏ జనం సార్? దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 20 కోట్లకు పైమాటే. రేటింగు మీటరు పెట్టినవి ఎన్ని? 50 వేల పైచిలుకు. మా పిన్నిగారు ఇన్నేళ్లుగా కార్చిన కన్నీళ్లు ఒక్క బొట్టు కూడా లెక్కలోకి రాలేదు. వాళ్లింట్లో మీటరుంటేగా! ఆవిడ చీర చెంగు తడిసింది, అంతే. కేబుల్ బిల్లు మాత్రం నెలనెలా నిక్కచ్చిగా లెక్కలోకి వస్తుంది.

బాధ ఉంటే చెప్పుకోవడానికి చోటు లేదనకండి. ఉంది. ఛానెళ్ల మీద ఫిర్యాదులు వినడానికి ఛానెళ్ల సంఘమే 2011లో ఒక మండలిని పెట్టుకుంది. దొంగతనాల మీద విచారణకు దొంగలే కమిటీ వేసుకున్నారా అని నేననలేదు, మీరన్నారు. ఆ చిరునామా తెర అడుగున చీమల బారులా పాకుతూ పోతుంటుంది. నిన్న పిన్నిగారు కళ్లజోడు తుడుచుకుని మరీ దగ్గరికెళ్లి చదవబోయారు.

“ఫిర్యాదులుంటే ఈ క్రింది...”

ప్రకటనలు!