ష్యూరిటీ సంతకానికి టీకా తాత్పర్యం

మూలం: "బావగారూ, ఇక్కడో సంతకం పడేయండి. ఊరికే ఫార్మాలిటీకండి. ఈఎమ్ఐలన్నీ నేనే కట్టుకుంటానండి, ఆయ్!"

అవతారిక: రాజమండ్రి కారు షోరూములో, రావులపాలెం బామ్మర్ది బడిపంతులైన బావగారితో పలికినది. బావగారి శాలరీ సర్టిఫికెట్టు అప్పటికే ఫైలులో చేరిపోయిందని పాఠకులు గమనించవలెను.

ప్రతిపదార్థం: బావగారూ = నెలనెలా జీతం పడే ఖాతా గలవాడా; ఇక్కడ = వేలు పెట్టి చూపించినచోట (అక్కడ 'హామీదారు' అని అచ్చయి ఉంటే ఒక గతి; 'సహ రుణగ్రహీత' అని ఉంటే అప్పు చేసినవారే తమరు); ఓ సంతకం = పేజీ పేజీకీ; పడేయండి = చదవకండి; ఊరికే = 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను చొప్పున, అప్పు తీసుకున్నవాడితో సమానంగా; ఈఎమ్ఐలన్నీ = మొదటి కొన్ని; ఆయ్ = కోనసీమలో ప్రమాణం, కోర్టులో శబ్దం.

పూర్వపక్షం: కారు కళ్లెదుట ఉంది కదా, ముందు దాన్ని పట్టుకెళ్లి, బామ్మర్దిని పీడించి, అప్పటికీ తీరకపోతేనే కదా బావగారి గుమ్మం తొక్కాలి? ఇది న్యాయంగానే వినిపిస్తుంది. బ్యాంక్ ఆఫ్ బీహార్, దామోదర్ ప్రసాద్‌ల వ్యాజ్యంలో కింది కోర్టుకూ అలాగే తోచింది.

సిద్ధాంతం: 1968లో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. ఆ తిప్పలు తప్పించుకోవడానికేగదా బ్యాంకు హామీ అడిగింది! ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, ముందెవరి తలుపు తట్టాలన్నది అప్పిచ్చినవాడి ఇష్టం. సిబిల్ రిపోర్టులో కూడా ఆ బాకీ బావగారి పేరిట కనిపిస్తుంది. రేపు ఇంటిలోనుకు వెళ్తే అడ్డం పడేది అదే.

శాస్త్రవిచారం: అసలు చిక్కు పాతదే. యాజ్ఞవల్క్యుడు జామీనుదారులను మూడు తెగలు చేశాడు: మనిషిని తెచ్చి నిలబెడతానన్నవాడు, మనిషి మంచివాడని నమ్మబలికినవాడు, తానే కడతానన్నవాడు. మాట తప్పితే మొదటి ఇద్దరితోనే కట్టించాలి. మూడోవాడైతే కొడుకులూ కట్టాలి. దాని మీద విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాస్తే, కేతన ఆ ధర్మశాస్త్రాన్ని తెలుగుపద్యాల్లో పెట్టాడు. అంటే తెలియదనడానికి మనకు వీల్లేదు. డెల్టాలో సంతకం పెట్టే ప్రతి బావగారూ తాను రెండో తెగననుకుంటారు. "మావాడు మంచోడండి" అని చెప్పడమే తన పని అనుకుంటారు. కాగితమేమో ఆయన్ని మూడో తెగలో కూర్చోబెడుతుంది.

(మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి పెట్టుకున్న నియమం ఈ మూలానికి చెల్లదు. ఉన్నదంతా వెనక పేజీల సన్నక్షరాల్లోనే ఉంది.)

విశేషం: బాకీ కట్టేశాక 140వ సెక్షను బావగారిని బ్యాంకు స్థానంలో నిలబెడుతుంది, 145వది బామ్మర్ది దగ్గర రాబట్టుకోమంటుంది. అలా దావా వేసిన అల్లుడికి సంక్రాంతికి అత్తారింట గారెలు ఎవరు వడ్డిస్తారో ఏ సెక్షనూ చెప్పలేదు. తోడల్లుడు కూడా సంతకం పెట్టి ఉంటే 146 ప్రకారం చెరిసగం పోయేది. ఆ తణుకు తోడల్లుడు ఆ రోజు ఫోనెత్తలేదు.