వచ్చినోళ్లు, పోయినోళ్లు

సింహాద్రిపురంలో పులివెందుల బస్సు దిగినవాడికి మొదటి ప్రశ్న చిన్నాయన అరుగు మీద నుంచే వస్తుంది. “ఎప్పుడొచ్చినావబ్బీ? మళ్లా ఎప్పుడు పోయేది?” వచ్చీరాగానే పోయే మాటేమిటని కోడళ్లు గొణుగుతారు. రాక రాసుకున్నాక పోక రాసుకోకపోతే లెక్క తేలదని ఆయన బాధ. ఒక కాలేజీ ల్యాబులో లైనక్స్ మిషన్లు చూసుకునే ఉద్యోగం మరి.

ఇలాంటి మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. పొద్దున్నే ‘హూ’ అనే కమాండ్ కొడతాడు, టీ తాగి ‘లాస్ట్’ కొడతాడు. ఎవరు ఏ టెర్మినల్ మీద ఎంతసేపున్నారో చెప్పందే ఆయనకు అన్నం సయించదు.

దీనికంతటికీ ఆధారం సి లైబ్రరీ రాసే పద్దు. ఇప్పుడు లోపలున్నవాళ్లకు యూటీఎంపీ ఫైలు, వచ్చిపోయినవాళ్లందరికీ డబ్ల్యూటీఎంపీ. 1971 నాటి యూనిక్స్ తొలి మాన్యువల్లోనే యూటీఎంపీ ఉందని చిన్నాయన తాతల నాటి చీనీ తోట గురించి చెప్పినట్టు చెబుతాడు. తప్పుడు పాస్‌వర్డ్ కొట్టినవాళ్లకు బీటీఎంపీ అని వేరే చిట్టా. పిల్లలు ఎక్కువగా భయపడేది దానికే.

లాగౌట్ ఫంక్షన్ అంటే ఆయనకు ప్రత్యేకమైన ముచ్చట. యూటీఎంపీలో పోయినవాడి పేరు తుడిచేస్తుంది, ఏ ఊరి మిషన్ నుంచి వచ్చాడో అదీ తుడిచేస్తుంది, కూర్చున్న టెర్మినల్ పేరు మాత్రం ఉంచి ‘డెడ్ ప్రాసెస్’ అని ముద్ర వేస్తుంది. పాపం, వాడు క్యాంటీన్‌కు పోయుంటాడంతే! కరెంటు పోతే ఆ ముద్ర కూడా పడదు. మిషన్ మళ్లీ లేచాక ‘లాస్ట్’ చూసి అందరి పక్కనా ‘క్రాష్’ అని రాస్తుంది. ఎండాకాలం చిట్టా అయితే చదవలేం.

ఒక ఆదివారం సొంత ఊరి పేరునే పరీక్షకు పెట్టాడు. యూజర్ పేరుకు లైనక్స్ పద్దులో 32 బైట్ల చోటుంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటుంది. గుణింతాలు, సున్నాలు, పొల్లు కలిపి సింహాద్రిపురానికి 13 గుర్తులు, 39 బైట్లు. ఊరు ‘సింహాద్రిప’ దగ్గర తెగింది, చివర ఏదో చెత్త. పరువు పోయిందని సాయంత్రం దాకా సంగటి ముట్టలేదు.

ఇంకో మంట ఆల్పైన్ లైనక్స్ మీద. దాని మజిల్ లైబ్రరీలో పద్దు రాసే ఫంక్షన్లు పేరుకు ఉన్నాయి కానీ ఏమీ రాయవు. “పలకరిస్తే తలూపి పోయే అల్లుడబ్బీ అది!” ఈ ఫైళ్లలో రాసే అధికారం ప్రోగ్రాములకు ఇవ్వడమే ప్రమాదమని దాని రచయితల వాదన. ఆ మాటలో న్యాయం ఉందని చిన్నాయనకూ తెలుసు, ఒప్పుకోడు. లాగిన్ చేయించే ప్రోగ్రాము తనంతట తాను పిలిస్తేనే సి లైబ్రరీ పద్దు రాస్తుందని, పిలవకుండా దూరినవాడు చిట్టాలో ఉండడనీ తెలుసు. అయినా చిట్టాలో లేనివాడు రానట్టే లెక్క.

2025లో డెబియన్ 13 వచ్చి పాత ‘లాస్ట్’ను తీసేసి డబ్ల్యూటీఎంపీడీబీని తెచ్చింది. కారణం న్యాయమైనదే: పాత పద్దులో సమయానికున్నవి 32 బిట్లు, 2038 జనవరి 19న మన లెక్కలో ఉదయం 8:44:07 దాటాక అంకెలు తిరగబడతాయి. చిన్నాయన నెల రోజులు అలిగి, ఎవరూ చూడనప్పుడు కొత్తది ఎక్కించాడు. భోజనాల దగ్గర ఈ తేదీ సంగతి చెబితే చిన్నమ్మ అడిగిందొకటే, ఆ పొద్దు ఏ వారమని. చూస్తే మంగళవారం.

“మంగళవారం పూట ఎవరు లాగిన్ అవమన్నారు?” అంది.